అడకత్తెరలో ఎవరున్నారు?

మన తెలుగు మగవాడికి పెళ్లయిన ఆర్నెల్లకల్లా ఒక సామెత నోటికొచ్చేస్తుంది. అంతవరకూ సామెతల జోలికే పోనివాడు, బళ్లో సొంతవాక్యం రాయమంటే పెన్ను కొరుకుతూ కూర్చున్నవాడు కూడా ఈ ఒక్కదాన్ని మాత్రం తప్పు లేకుండా, సమయం చూసి, కాస్త నిట్టూర్పు జోడించి మరీ వాడేస్తాడు. "అటు మా అమ్మ, ఇటు మా ఆవిడ. మధ్యన నేను అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నాననుకోండి!"

వినేవాళ్లు వెంటనే "పాపం" అంటారు. ఆఫీసులో పక్క సీటాయన తన టీ గ్లాసు ఇటు జరుపుతాడు. రైల్లో ఎదుటి బెర్తు పెద్దమనిషి "ఇంటింటా ఉన్న భాగోతమేలెండి" అని ఓదారుస్తాడు. పెళ్లిపందిట్లో పిన్నిగారయితే "మా నాయనే, ఎంత ఓర్పురా నీకు!" అని మెటికలు విరుస్తుంది. సినిమాల్లో ఆ నిట్టూర్పు వెనకాల వయొలిన్ కూడా మోగుతుంది.

సామెత మీద నాకు కోపం లేదు. గొప్ప సామెత అది. దాన్ని ఎవరు ఎవరి గురించి వాడుకుంటున్నారన్న దాని మీదే నా తగాదా అంతా. ఇంత సుళువుగా ఈ మాట అనేస్తున్నవాళ్లు అడకత్తెరను సరిగ్గా చూసి ఉండరని నా అనుమానం. చూసి ఉంటే తమను తాము తీసుకెళ్లి అందులో అక్కడ పెట్టుకోరు. కాబట్టి ముందు వస్తువు సంగతి చూద్దాం. తర్వాత మాట సంగతి. ఆ తర్వాత మగవారి సంగతి.

అడకత్తెర ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. పూర్వం తాంబూలప్పళ్లెంలో తమలపాకుల పక్కన, సున్నపుకాయ పక్కన దర్జాగా కూర్చునేది. ఇనపది, ఇత్తడిది, ఉన్నవాళ్ల ఇళ్లలో చిలక బొమ్మతోనో, గుర్రం బొమ్మతోనో, నగిషీ పనితోనో ఉండేది. పుణెలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో ఇలాంటివి వరసగా పేర్చి పెట్టారు. వక్కను పట్టుకుని కత్తిరించడానికి ఇంత సింగారమా అని ఆశ్చర్యం వేస్తుంది. తర్వాత వక్కపొడి పొట్లాలొచ్చాయి. ఇంట్లో అడకత్తెర అవసరం పోయింది. వక్క నమలడం కేన్సర్‌కు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 2004లో వేసిన నివేదికలో తేల్చి చెప్పింది కాబట్టి, ఆ అలవాటు పోయినందుకు కన్నీళ్లు పెట్టుకోవలసిన పనీ లేదు. విచిత్రమేమంటే, వస్తువు అటకెక్కినా సామెత మాత్రం నట్టింట్లోనే ఉంది. వస్తువు కనపడకపోయేసరికి సామెతను ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుకునే వీలూ దొరికింది.

మాట సంగతికొద్దాం. అడ్డంగా కత్తిరిస్తుంది కాబట్టి అది "అడ్డకత్తెర", వాడుకలో అడకత్తెర అయిందని చెప్పినవాళ్లు నాకు తగిలారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఆ మాటకూ అడ్డానికీ ఏ సంబంధమూ లేదు. అడక అంటే పోక. కన్నడంలో వక్కను నేటికీ అడికె అంటారు. మలయాళంలో అడయ్క్క. తమిళంలో తాంబూలంలో వేసుకునే పోకకు అడైక్కాయ్ అని పేరు. మనం మాత్రం కొట్టుకెళ్లి "వంద గ్రాముల అడక ఇవ్వండి" అని అడగం. పోక అంటాం, వక్క అంటాం. ఎప్పటిదో ఆ పాతమాట మన భాషలో ఈ పనిముట్టు పేరులో దాక్కుని బతికింది, పుట్టింటి పేరు పాత ఇత్తడి బిందె మీద చెక్కి మిగిలిపోయినట్టు.

ఈ అడక సామాన్యమైంది కాదు. సముద్రాలు దాటింది. పడమటి తీరంలో దిగిన పోర్చుగీసువాళ్లు మలయాళం మాటను నోరు తిరిగినట్టు పలికి "అరెక" చేశారు. ఆ మాటే ఐరోపా అంతా తిరిగింది. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు చెట్లన్నింటికీ పేర్లు పెడుతూ పోకచెట్టును "అరెక కటెచు" అని రాసుకున్నాడు. అంటే మన అమ్మమ్మ తాంబూలప్పళ్లెంలో ఉన్న మాటా, ఆ పండితుడి లాటిన్ గ్రంథంలో ఉన్న మాటా ఒకటే!

ఇక కత్తెర. సంస్కృతంలో కర్తరి, ప్రాకృతంలో కత్తరి, మన నోట కత్తెర. కోయడమనే ధాతువు నుంచి వచ్చింది. ఎండాకాలంలో పంచాంగం చూసి "కర్తరి వచ్చింది, శంకుస్థాపన వద్దు" అంటారే, అదీ ఈ కత్తెరే. వ్యాకరణంలో కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం అని బట్టీ పట్టామే, ఆ కర్తరి వేరు. అది "కర్త" నుంచి వచ్చింది, పని చేసేవాడి నుంచి. రెండు మాటలకూ పొత్తు లేదు. లేకపోయినా, మన మగవారి చమత్కారం చూడండి. కర్తరి ఉన్న పనిముట్టునే తెచ్చుకుని, తాము మాత్రం కర్మణి ప్రయోగంలో కూర్చుంటారు. "నేను నలపబడుచున్నాను!" నలుపుతున్నది ఎవరయ్యా అంటే, ఇద్దరు ఆడవాళ్లు.

మొత్తానికి అడకత్తెర అంటే వక్కకత్తెర. కన్నడంలోనూ అడకత్తరి ఉంది, ఇరుకునపడ్డవాణ్ణి అడకత్తరిలో చిక్కుకున్నాడనే నుడికారమూ ఉంది. మరాఠీవాళ్ల అడకిత్తా కూడా దీని చుట్టమే. తమిళులు పాక్కువెట్టి అంటారు, పోకను వెట్టేది, అంటే కోసేది అని. ఇన్ని భాషల్లోనూ పనిముట్టు పేరులో ఉన్నవి రెండే సంగతులు. కోయబడేదీ, కోసేదీ. మూడోది పేరులో ఎక్కడా లేదు. ఆ మూడోది చెయ్యి. దాని సంగతికి వస్తాను.

ముందు పోకచెక్క మాట చూడండి. సామెత పోకకాయ అనలేదు, పోకచెక్క అంది. మన పెద్దవాళ్లు ఊరికే అనరు. చెక్క అంటే ఏమిటి? నిలువునా కోసిన ముక్క. వక్క అనే మాటకు కూడా ముక్క అనే అర్థం ఉంది. పాత తెలుగులో వ్రక్క అంటే ముక్కే. చెట్టున గెలగా వేలాడిన కాయను దింపి, పీచు ఒలిచి, ఎండబెట్టి, చెక్కలు చేసి, మూటగట్టి, ఎక్కడి తోటలోంచో ఎక్కడి అంగడికో తెచ్చి, అక్కణ్ణించి మన పళ్లెంలోకి తెచ్చి, అప్పుడు అడకత్తెరలో పెడతారు. అంటే అడకత్తెరలోకి వచ్చేనాటికే పోకచెక్క ఒకసారి తెగి ఉంది. పుట్టిన చెట్టు నుంచి వేరై ఉంది. పరాయి ఊరు చేరి ఉంది.

ఇప్పుడు మీరే చెప్పండి. మన ఇళ్లలో అలా తెగి వచ్చినది ఎవరు? పుట్టిన ఊరు వదిలినది ఎవరు? ఇంటిపేరు మారినది ఎవరికి? "మీ ఇంట్లో పప్పులో ఇంగువ వేస్తారేమో, మా ఇంట్లో వెయ్యం" అని మొదటిరోజే విన్నది ఎవరు? ఆ అబ్బాయి పుట్టిన గదిలోనే పడుకుంటున్నాడు, చిన్నప్పటి కంచంలోనే తింటున్నాడు, వీధి చివర కిళ్లీకొట్టువాడి దగ్గర్నుంచీ అందరూ అతన్ని ముద్దుపేరుతోనే పిలుస్తున్నారు. చెట్టు మీద నిండుకాయలా ఉన్నవాడు తనను తాను చెక్క అని చెప్పుకోవడం ఏ భాషలోనైనా అబద్ధమే.

ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో కాపురం పెట్టినా లెక్క పెద్దగా మారదు. అత్తగారు వస్తే కొడుకింటికి వచ్చినట్టు. అమ్మ వస్తే అల్లుడింటికి వచ్చినట్టు. వచ్చిన నాలుగో రోజుకే "ఇంకెన్నాళ్లుంటాను, ఆడపిల్ల ఇంట్లో" అని సంచీ సర్దుకుంటుంది.

ఇంక అడకత్తెర పనిచేసే తీరు చూద్దాం. నేను ఆర్ట్స్ చదివినదాన్నే గానీ, హైస్కూల్లో తులాదండాల పాఠం ఒకటి ఉండేది, అది జ్ఞాపకం ఉంది. ఆధారం ఒక కొసన, చేతి బలం రెండో కొసన, కొయ్యవలసిన వస్తువు నడిమిన. నిమ్మకాయ పిండే పనిముట్టు కూడా ఈ తరగతిదే. ఆధారానికి ఎంత దగ్గరగా పెడితే అంత సుళువుగా తెగుతుంది. గట్టి వక్క అయితే అమ్మమ్మలు లోపలికంటా, చీల దగ్గరికి జరిపి నొక్కేవారు. ఏ పాఠం చదివారో గానీ!

రెండు రెక్కలూ వాటంతటవి కదలవు. ఒకదానికొకటి శత్రువులూ కావు. వాటిని ఒకచోట కలిపి ఉంచింది చీల. ఆ చీల ఊడబీకి చూడండి, రెండూ రెండు ఇనపముక్కలు. ఎవరి దారిన వాళ్లు నిమ్మళంగా పడుంటాయి. వక్కను కోసే పౌరుషం వాటికెక్కడా ఉండదు.

మన ఇళ్లలో ఆ చీల ఎవరు? ఊరూ పేరూ తెలియని ఇద్దరు ఆడవాళ్లను ఒక పొయ్యి దగ్గరికి తెచ్చింది ఎవరు? అత్తగారికి ఆ పిల్ల ఎవరో తెలియదు, ఆ పిల్లకు ఈవిడ ఎవరో తెలియదు. ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క చుట్టరికం అతను. అతని ఆకలి, అతని చొక్కా, అతని జీతం, అతను ఇంటికొచ్చే వేళ, వీటి చుట్టూనే ఇద్దరూ తిరుగుతున్నారు. చీల అయి కూర్చున్నవాడు "నేను పోకచెక్కను" అంటే రెక్కలు నవ్వవా? ఇనపవి కాబట్టి నవ్వవు గానీ!

మరి చెయ్యి? పట్టి నొక్కే చెయ్యి? అది ఒక్క మనిషిది కాదు. "మా ఇంటి పద్ధతి" అనే చెయ్యి అది. "నలుగురూ ఏమంటారు" అనే చెయ్యి. పసుపూ కుంకుమల దగ్గర్నుంచి పెట్టుపోతల దాకా లెక్కలు రాసిపెట్టుకున్న చెయ్యి. ఒక్కోసారి మామగారిది, ఒక్కోసారి ఆడబిడ్డది, చాలాసార్లు పైకి కనపడనిది. కత్తిరించిన ముక్కలు చివరికి ఎవరి నోట్లో పడుతున్నాయో చూస్తే ఆ చెయ్యి ఎవరి మేలు కోసం పనిచేస్తోందో తెలిసిపోతుంది. అత్తాకోడళ్లు పోట్లాడుకున్న రోజున కూడా అబ్బాయిగారి కాఫీ ఆగదు. ఆ రోజు ఇంకో కప్పు ఎక్కువే వస్తుంది, ఇద్దరూ పోటీపడి ఇస్తారు కాబట్టి.

"అన్నీ మగవాళ్ల మీదికే తోస్తే ఎలాగండీ? నిజంగా నలిగేవాళ్లు లేరా?" అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. ఉన్నారు. చిన్నప్పుడే భర్త పోయి, మిషను కుట్టి, అప్పడాలు అమ్మి కొడుకును చదివించిన తల్లి ఉంటుంది. ఆవిడ మాట కాదనలేక, కట్టుకున్నదాని కళ్లల్లో నీళ్లు చూడలేక రాత్రిళ్లు డాబా మీద పచార్లు చేసే కొడుకూ ఉంటాడు. అతని బాధ నాటకమని నేను అనను. అత్తగారిని పురుగులా చూసే కోడళ్లు లేరనీ అనను. ఉన్నారు, రోజూ చూస్తున్నాం.

నేనంటున్నది ఒకటే. బాధ ఉన్నంత మాత్రాన పోకచెక్క అయిపోరు. పోకచెక్కకు నోరు లేదు. కాళ్లు లేవు. సంపాదన లేదు. ఎటు జరిపితే అటు జరుగుతుంది. ఈయనకు నోరుంది. ఆ నోటితోనే కదా సామెత చెబుతున్నాడు! "అమ్మా, ఆ పిల్ల ఉద్యోగం మానదు. నాకూ ఇష్టమే, నేనే వద్దన్నాను" అనడానికి ఆ నోరు చాలదా? "ఏమోయ్, అమ్మకు మోకాళ్లు నొప్పులు, ఆవిడ గది కిందే ఉండాలి, ఇందులో వాదన లేదు" అని పెళ్లానికి చెప్పడానికి మాత్రం చాలదా? రెండూ న్యాయమైన మాటలే. ఒకటి తల్లికి నచ్చదు, ఒకటి భార్యకు నచ్చదు. చెప్పిన తర్వాత రెండు రోజులు ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడవుతాయి. అంతే! ఆ రెండు రోజుల చప్పుడు భరించలేక ఏళ్ల తరబడి నోరు మూసుకుని, దానికి ఓర్పు అని పేరు పెడతారు.

"ఆడాళ్ల గొడవల్లో నేను తల దూర్చను" అంటాడు. ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో ఆ మాట! ఆ గొడవ దేని గురించి? అతని జీతం ఎవరి చేతికివ్వాలన్న దాని గురించి. అతని చెల్లెలి పెళ్లికి కోడలి గాజులు తాకట్టు పెట్టాలా అన్న దాని గురించి. అతని బిడ్డ ఏ ఊళ్లో పుట్టాలన్న దాని గురించి. అందులో ఆడవాళ్లది ఏముంది, కన్నీళ్లు తప్ప?

తమిళంలో రెండువైపులా దెబ్బలు తినే మద్దెల సామెత ఉంది. మన దగ్గర కూడా రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటాం. అది చెప్పుకోవలసిన మనిషి ఉంది మన ఇంట్లో, ఈ మూల అత్తగారి చేతా ఆ మూల మొగుడి చేతా వాయించుకునేది. మగవారికి సరిపోయే సామెత వేరే ఉంది, నేనిస్తాను పుచ్చుకోండి. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం." ఎంత చక్కగా అతికిందో చూడండి. అందులో చెప్పేవాడు కప్పా కాదు, పామూ కాదు. గట్టు మీద నించున్న మూడో మనిషి. అతని ఒంటి మీద కోర పడలేదు. చేతిలో కర్ర ఉందో లేదో సామెత చెప్పలేదు గానీ, ఉండే ఉంటుంది. వాడడు, అంతే. ఎవరికి కోపం వస్తుందోనని ఆలోచిస్తూ నించుంటాడు. ఈలోగా కప్ప సంగతి కప్పది.

ఇదంతా సాంబారులో ఉప్పు గురించిన తగాదా అయితే నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేసేదాన్ని కాదు. కొన్ని ఇళ్లలో ఈ సామెత ప్రాణాల మీదికి తెస్తోంది. పుట్టింటికి చేరిన పిల్లను మళ్లీ అత్తారింటికి పంపే పంచాయితీలు మీరూ చూసి ఉంటారు. నలుగురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటారు. పిల్ల తల వంచుకుని తన కష్టం చెప్పుకుంటుంది. ఇంత కట్నం తక్కువైందన్నారు, అన్నం దగ్గర మాటలన్నారు, ఫోను లాగేసుకున్నారు, గదిలో పెట్టి తాళం వేశారు. "మరి మీ ఆయన ఏం చేస్తున్నాడమ్మా అప్పుడు?" అని ఎవరైనా అడుగుతారేమోనని చూస్తాం. అడగరు. ఎవరో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని అనేస్తాడు: "వాడేం చేస్తాడమ్మా పాపం, అడకత్తెరలో పోకచెక్క!" అయిపోయింది. కేసు కొట్టేశారు. ముద్దాయి నిర్దోషి అయ్యాడు. పైగా అందరి జాలీ పొందాడు. పిల్ల మూట సర్దుకుని రిక్షా ఎక్కవలసిందే.

మన పెద్దమనుషుల కంటే చట్టానికి తెలుగు బాగా వచ్చిందని నాకనిపిస్తుంది. ఇంట్లో కోడలిని హింసించడం నేరమని 1983లో శిక్షాస్మృతిలో 498-ఏ సెక్షన్ చేర్చారు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆ నేరం ఇప్పుడు అందులో 85వ సెక్షన్. హింస అంటే ఏమిటో 86వ సెక్షన్ చెబుతుంది. మూడేళ్ల దాకా జైలు, దానిమీద జరిమానా. అయితే నేను చూడమంటున్నది శిక్ష కాదు, మాటల వరస. భర్త గానీ, భర్త తరఫు బంధువు గానీ, అని ఉంది అక్కడ. మొదటి మాట భర్త. బంధువులు తర్వాత. అతన్ని అడకత్తెరలో పెట్టి జాలి పడాలని చట్టం రాసినవాళ్లకు తోచలేదు. 2005లో వచ్చిన గృహహింస చట్టం ఇంకో అడుగు వేసి, ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆ పిల్లకుందని రాసింది. పళ్లెంలోంచి తీసి పారెయ్యడానికి ఆమె వక్కముక్క కాదని దాని తాత్పర్యం.

ఇక్కడ అత్తగార్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ సామెత మీకు చేస్తున్న అన్యాయం కోడళ్లకు చేస్తున్న దానికి తీసిపోదు. మీ అబ్బాయి దర్జాగా మిమ్మల్ని ఒక రెక్క అన్నాడు. ఇనపముక్క అన్నాడు. పదునే తప్ప మనసు లేనిదన్నాడు. ముప్ఫై ఏళ్ల కిందట మీరూ చెక్కగా తెగి ఈ ఇంటికి వచ్చినవారే. అప్పుడు మీ ఆయనా వీధి అరుగు మీద కూర్చుని ఈ సామెతే చెప్పి ఉంటారు. మీరు పడ్డదంతా ఎవరూ లెక్క రాయలేదు. ఇవాళ మిమ్మల్ని తీసుకొచ్చి కత్తెర చేసి కూర్చోబెట్టారు. కొడుకు దొడ్డవాడనిపించుకోవడం కోసం తల్లీ, పెళ్లామూ ఇద్దరూ కత్తులు కావాలా?

రెండు చేతులు, మధ్యన ఒక చీల ఉన్న పనిముట్టు వంటింట్లో ఇంకొకటి ఉంది. పట్టకారు. పక్కకు వెళ్లి చూడండి, పొయ్యి గట్టు మీదే ఉంటుంది. సంస్కృతంలో దీన్ని సందంశం అన్నారు. దంశం అంటే కాటు, రెండువైపులా కరిచి పట్టేది అని. హిందీవాళ్ల సండసీ ఆ మాట నుంచి వచ్చిందే. తెలుగువాళ్లకు మాత్రం అందులో కాటు కనపడలేదు, పట్టు కనపడింది. పట్టుకోవడంలోని పట్టు అది. మన భాషలో ఎన్ని పట్టులున్నాయో, ఎంత మంచివున్నాయో చూడండి. పట్టుదల, పట్టువిడుపు, ఆయువుపట్టు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకునేది ఇదే, మనం మరిగే పాలగిన్నెను దించేదీ ఇదే.

దీనికీ రెండు చేతులున్నాయి, ఇటొకటి అటొకటి, మధ్యన వస్తువును అదిమి పట్టుకుంటాయి. అయినా ఏదీ తెగదు. అంచుకు పదును పెట్టలేదు కాబట్టి. చీల అడకత్తెరకు ఎంతో దీనికీ అంతే. కుటుంబమూ అంతే. ఒక అత్తగారు, ఒక కోడలు, మధ్యన ఒకడు. పదును పెడితే అడకత్తెర. పెట్టకపోతే కాలే గిన్నెను కలిసి దించుకునే పట్టకారు. ఇంట్లో కాలే గిన్నెలకు కొదవ లేదు. పిల్లవాడి జ్వరం ఉంది, మామగారి ఆపరేషన్ ఉంది, ఇంటి అప్పు ఉంది, పెళ్లి కావలసిన ఆడపడుచు ఉంది. ఇవి దించడానికి ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు పట్టుకున్న ఇళ్లను నేను చూశాను. ఆ ఇళ్లల్లో చీల గట్టిగా ఉంది. అక్కడి మాట ఇక్కడ చెప్పదు, ఇక్కడి మాట అక్కడ మోయదు, అవసరమైన చోట నోరు విప్పుతుంది. వదులైన చీలతో పట్టకారు ఎంత ప్రమాదమో వంట చేసేవాళ్లకు తెలుసు. పాలన్నీ కాళ్ల మీదే!

కాబట్టి చదివే అక్కచెల్లెళ్లకు నాదొక విన్నపం. ఈసారి మీ ఎదుట ఎవరైనా మగమహారాజు "అడకత్తెరలో పోకచెక్క" అని నిట్టూరిస్తే, పాపం అనెయ్యకండి. టీ కూడా ఇవ్వకండి, కాస్త ఆగండి. "మీరు చెక్కా, చీలా?" అని నెమ్మదిగా అడగండి. జవాబు వచ్చేదాకా చూడండి. తమ్ముడైతే ఇంకా గట్టిగా అడగవచ్చు.

మీకు మగపిల్లలుంటే ఇప్పట్నుంచే ఒక పని చెయ్యండి. అడకత్తెర చూపిద్దామంటే ఇంట్లో దొరకదు, అటక మీదున్నా తుప్పు పట్టి ఉంటుంది. పట్టకారు ఉందిగా. ఒక పూట పొయ్యి దగ్గరికి పిలిచి, పాలగిన్నె ఒలక్కుండా దించడం నేర్పండి. చెయ్యి వణికితే వణకనివ్వండి, రెండుసార్లు దించితే అలవాటవుతుంది. పట్టు అనే మాటకు అర్థం నిఘంటువులో చూసుకోవలసిన అవసరం ఆ పిల్లవాడికి ఉండదు.